యాపిల్ క్రిస్ప్‌లో పంచదార ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. అక్టోబరులో పిల్లలతో తోటకి వెళ్లి కోసుకొచ్చిన యాపిల్స్ ఇంకా పది పౌన్ల దాకా మిగిలాయి. గుంటూరు నుంచి మా నాన్నగారు వచ్చారు, ఆయనకి షుగర్ ఉంది. ఆయన కూడా తినేలా ఉండాలని యాపిల్ క్రిస్ప్‌లో (యాపిల్ ముక్కల మీద ఓట్స్ పొర చల్లి ఓవెన్‌లో చేసే స్వీటు) పంచదార మొత్తం మానేసి స్టీవియా (ఒక మొక్క ఆకుల నుంచి తీసే తీపి) వేశాను, బటర్ సగానికి తగ్గించాను. పైన ఓట్స్ టాపింగ్ తెల్లగా పొడిపిండిలా మిగిలిపోయింది. కింద పండు పుల్లగా, నీళ్లు నీళ్లుగా ఉంది. మర్నాటికి అంతా మెత్తబడింది. స్టీవియా బదులు బెల్లమో తేనో వేస్తే కుదురుతుందా? నాన్నగారికి పెట్టొచ్చా?

సమాధానం: మీరు పంచదార తగ్గించడం తప్పు కాదు. రెండు చోట్లా ఒకే లెక్కన తీసేయడం దగ్గర తేడా వచ్చింది. క్రిస్ప్‌లో కింద పండులోనూ, పైన టాపింగ్‌లోనూ పంచదార పడుతుంది, కానీ రెండు చోట్లా అది చేసే పని ఒకటి కాదు. పండులో ముఖ్యంగా తీపి కోసం వేస్తారు. యాపిల్‌కి తన తీపి తనకుంది కాబట్టి అక్కడ దాదాపు పూర్తిగా మానేయొచ్చు. టాపింగ్‌లో మాత్రం తీపికన్నా రంగు కోసం, కరకర కోసం ఎక్కువ అవసరం. అక్కడ ఒక హద్దు దాటి తగ్గిస్తే ఉడికిన పండు మీద వేడి పిండి చల్లుకుని తిన్నట్టే ఉంటుంది.

మామూలు కొలత ఎంత ఉంటుందో ముందు చూడండి. 8 అంగుళాల చదరపు పాన్‌కి పండులో ముప్పావు కప్పు పంచదార, టాపింగ్‌లో నొక్కి కొలిచిన ఒక కప్పు బ్రౌన్ షుగర్ వేయమనే రెసిపీలు చాలా కనిపిస్తాయి. రెండూ కలిపితే 360 గ్రాములు. ఎనిమిది మందికి పంచితే మనిషికి 45 గ్రాములు. విడిగా కలుపుకునే పంచదార రోజు మొత్తానికి ఆడవాళ్లకి 25 గ్రాములు, మగవాళ్లకి 36 గ్రాములు దాటొద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతుంది. అంటే ఒక్క గిన్నె క్రిస్ప్‌తోనే ఆ రోజు లెక్క దాటిపోతుంది. కింద చెప్పే పద్ధతిలో మనిషికి 6.5 గ్రాములే పడుతుంది, అంటే ఒకటిన్నర టీస్పూన్లు. అందులోనూ మూడొంతులకి పైగా టాపింగ్‌లోనే ఉంటుంది, ఉండాలి.

టాపింగ్‌లో పంచదార ఏం చేస్తుందో మనకి పల్లీచిక్కీ చెబుతుంది. వేడికి కరిగి ఓట్స్‌నీ పిండినీ అంటిపెట్టుకుంటుంది, చల్లారాక గట్టిపడి పెళుసవుతుంది. రంగు కూడా చాలావరకు దాని నుంచే వస్తుంది. స్టీవియా పంచదారకన్నా 200 నుంచి 300 రెట్లు తియ్యన కాబట్టి చిటికెడు సరిపోతుంది. ఆ చిటికెడు కరిగి దేన్నీ పట్టుకోలేదు, ఎర్రబడదు. 200 గ్రాముల పంచదార ఉండాల్సిన చోట ఏమీ లేకుండా పోయింది, పైగా బటర్ సగమే అయింది. ఇక ఆ పిండిని తడిపేదీ లేదు, వేయించేదీ లేదు. అందుకే తెల్లగా మిగిలింది.

పండు నీళ్లవడానికి కారణాలు రెండు మూడున్నాయి. పంచదార ఉంటే పండులోంచి ఊరిన రసం అందులో కలిసి పాకంలా చిక్కబడుతుంది. అది లేకపోతే రసం రసంలాగే ఉంటుంది. దీనికి తోడు పైన రంగు రావడం లేదని అనుమానంగా చూసుకుంటూ, లోపల పూర్తిగా ఉడక్కముందే బయటికి తీసి ఉండొచ్చు. కార్న్‌స్టార్చ్ (మన కార్న్‌ఫ్లోర్) వేసినా అది చిక్కబడాలంటే రసం దాదాపు మరిగే వేడికి రావాలి. అంచుల దగ్గర బుడగలు రాకముందే తీస్తే అది వేసినా వేయనట్టే. మూడోది యాపిల్ రకం. మీ తోటలో మెకింటోష్ కోసుకొచ్చి ఉంటే అది ఓవెన్‌లో గుజ్జయిపోతుంది. సాస్‌కి బాగుంటుంది కానీ క్రిస్ప్‌కి ఒక్కటే వాడకూడదు.

పంచదార తగ్గించినప్పుడు యాపిల్ ఎంపికే సగం వంట. గ్రానీ స్మిత్ ముక్క చెదరకుండా నిలుస్తుంది, కానీ అచ్చంగా అదే వేస్తే మీకొచ్చినట్టు పుల్లగా అవుతుంది. సగం గ్రానీ స్మిత్, సగం హనీక్రిస్ప్ కలపండి. హనీక్రిస్ప్ లేకపోతే పింక్ లేడీ, జోనగోల్డ్, గోల్డెన్ డెలీషియస్‌లలో ఏదైనా సరే. గాలా, ఫ్యూజీ తియ్యగానే ఉంటాయి కానీ పులుపు బాగా తక్కువ కాబట్టి వాటిని వాడితే నిమ్మరసం రెట్టింపు చేయాలి. రెడ్ డెలీషియస్ మాత్రం వద్దు. ఉడికితే రవ్వరవ్వగా అవుతుంది, రుచి చప్పబడుతుంది.

ఇక కొలతలు. ఇది ఎనిమిది మందికి. యాపిల్స్ మధ్యరకం ఆరు, అంటే రెండున్నర పౌన్లు తీసుకోండి. తొక్క, గింజల భాగం పోగా 850 గ్రాముల దాకా వస్తుంది. వాటిలో అయిదింటిని ఒక సెంటీమీటరు మందాన ముక్కలు చేయండి. అంతకన్నా పల్చగా తరిగితే టాపింగ్ ఎర్రబడేలోపే పండు గుజ్జవుతుంది. మరీ లావుగా ఉంటే మధ్యలో పచ్చిగా తగులుతుంది. ఆరోది తియ్యటి రకంలోది తీసుకుని కోరుతో తురమండి. ఆ తురుము ఉడికి కరిగిపోయి, పాకం చేసే పని తను చేస్తుంది. ముక్కల చుట్టూ రసం నీళ్లగా కాకుండా చిక్కగా పట్టుకుంటుంది. పంచదార తగ్గించిన క్రిస్ప్‌కి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

ముక్కలకీ తురుముకీ బ్రౌన్ షుగర్ ఒక టేబుల్ స్పూన్, అంటే 12 గ్రాములు, కార్న్‌స్టార్చ్ రెండు టీస్పూన్లు, నిమ్మరసం రెండు టీస్పూన్లు, దాల్చినచెక్క పొడి ఒక టీస్పూన్, యాలకుల పొడి పావు టీస్పూన్, వెనీలా ఒక టీస్పూన్, ఉప్పు చిటికెడు కలపండి. ఉప్పు మానొద్దు. పులుపునీ చేదునీ కాస్త అణిచి, ఉన్న తీపిని నాలుకకి తెలిసేలా చేస్తుంది. దాల్చినచెక్క, యాలకులు, వెనీలా వాసనలని మనం తీపి వంటలతో ముడిపెట్టుకుని ఉంటాం, కాబట్టి అవి ఉంటే తక్కువ పంచదార కూడా ఎక్కువగా అనిపిస్తుంది. కార్న్‌స్టార్చ్‌ని పొడి మసాలాలతో ముందు కలిపి, ఆ తర్వాతే పండు మీద చల్లితే ఉండలు కట్టదు. ఇంట్లో అది లేకపోతే సగ్గుబియ్యం మెత్తగా పొడి చేసి అంతే కొలతలో వాడొచ్చు.

టాపింగ్‌కి రోల్డ్ ఓట్స్ 80 గ్రాములు, అంటే కప్పుకి కాస్త తక్కువ. గోధుమపిండి 40 గ్రాములు, అంటే కప్పులో మూడో వంతు. పీకన్లు గానీ, వాల్‌నట్స్ గానీ, బాదం గానీ సన్నగా తరిగినవి 40 గ్రాములు. బ్రౌన్ షుగర్ నొక్కి కొలిచి మూడు టేబుల్ స్పూన్లు, అంటే 40 గ్రాములు. ఉప్పు పావు టీస్పూన్, దాల్చినచెక్క పొడి అర టీస్పూన్. ఉప్పు లేని బటర్ 56 గ్రాములు, అంటే సగం కడ్డీ. ఉప్పు బటరే ఉంటే విడిగా ఉప్పు వేయొద్దు.

ఈ 40 గ్రాముల పంచదారని ఇంకా తగ్గించాలనిపిస్తే 30 దగ్గర ఆగండి. ఓట్స్, పిండి కలిపిన బరువులో అది నాలుగో వంతు. దానికన్నా దిగితే కరకర పోతుంది. బటర్ విషయంలోనూ అంతే. ఓట్స్, పిండి కలిపి 120 గ్రాములున్నప్పుడు 56 గ్రాముల బటర్ అంటే సగానికి దగ్గర, అది సరిపోతుంది. తేలిక చేయడానికి టాపింగ్‌లో బటర్ బదులు యాపిల్ సాస్ వేయమని సలహాలు కనిపిస్తుంటాయి. కేకులో అది పనిచేస్తుంది, టాపింగ్‌లో పనిచేయదు. సాస్ అంటే ముప్పాతిక పైగా నీళ్లే. నీళ్లు ఓట్స్‌ని ఉడికిస్తాయి, వేయించవు. కొవ్వు తగ్గించాలంటే టాపింగ్ మొత్తాన్నే తక్కువ చేసుకోవాలి, అందులో బటర్ వాటాని కాదు. ఈ కొలతల్లో జరిగింది అదే.

ఓట్స్ రోల్డ్ రకమే కావాలి. ఇన్‌స్టంట్ ఓట్స్ తడి పీల్చుకుని ముద్దవుతాయి. స్టీల్‌కట్ ఓట్స్ ఆ కాసేపట్లో ఉడకవు, పంటికింద రాళ్లలా తగులుతాయి.

పంచదార తక్కువ కాబట్టి రంగు, వాసన మనం వేరే దారుల్లో తెచ్చుకోవాలి. ఓట్స్‌ని పొడి మూకుడులో సన్నని సెగ మీద నాలుగైదు నిమిషాలు, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. పప్పులు వేయించొద్దు, అవి ఓవెన్‌లో ఎలాగూ వేగుతాయి, ముందే వేగితే చివరికి మాడతాయి. బటర్‌ని చిన్న గిన్నెలో కరిగించి, నురగ తగ్గి అడుగున గోధుమరంగు రేణువులు కనిపించేదాకా కాచండి. మనం నెయ్యి కాచేటప్పుడు చివర్లో వచ్చే ఆ కమ్మదనమే ఇక్కడ కావాల్సింది, కాబట్టి వడకట్టకుండా ఆ రేణువులతో సహా పోసేయండి. కాచినప్పుడు బటర్‌లో నీరు ఆవిరైపోతుంది. అందుకని రెండు టీస్పూన్ల చల్లటి నీళ్లు కలిపితే ఉండలు కడుతుంది.

అన్నీ ఫోర్కుతో కలిపి, పిడికిట్లో నొక్కి చూడండి. ముద్దలా నిలిచి, వేలితో తాకితే పెద్దపెద్ద పలుకులుగా విడాలి. ఇసకలా రాలిపోతుంటే మరో టీస్పూన్ నీళ్లు వేయండి, బటర్ పెంచక్కర్లేదు. ఆ గిన్నెని పావుగంట ఫ్రీజర్‌లో పెట్టండి. చల్లగా ఉన్న ఉండలు ఓవెన్‌లో వెంటనే కరిగి పండులోకి జారిపోవు.

ఓవెన్‌ని 375 ఫారన్‌హీట్‌కి, అంటే 190 సెల్సియస్‌కి వేడిచేయండి. ఫ్యాన్ ఉన్న ఓవెనైతే 350కి పెట్టండి. మొత్తం ఒకేసారి పెట్టడం మామూలు పద్ధతి, కానీ ఈ తక్కువ పంచదార టాపింగ్‌కి అది నప్పదు. పచ్చి పండులోంచి లేచే ఆవిరి టాపింగ్‌ని కింద నుంచి తడిపేస్తుంది. అందుకని ముందు పండుని మాత్రమే పాన్‌లో పరిచి, ఫాయిల్‌తో మూసి 15 నిమిషాలు ఉడకనివ్వండి. బయటికి తీసి ఒకసారి కలిపి, అప్పుడు టాపింగ్ చల్లండి. అదమొద్దు, అదిమితే ఆవిరి పోవడానికి దారి ఉండదు. ఫాయిల్ లేకుండా మళ్లీ 30 నిమిషాలు. టాపింగ్ ముదురు గోధుమరంగుకి వచ్చి, అంచుల దగ్గర రసం నెమ్మదిగా, బరువైన బుడగలతో ఉడుకుతుంటే అయినట్టు. బుడగలు చిన్నవిగా, గబగబా పేలిపోతుంటే రసం ఇంకా పల్చగా ఉందన్నమాట, మరో అయిదు నిమిషాలు ఉంచండి. పైన ముందే రంగు తిరిగితే ఫాయిల్‌ని ముడవకుండా పైన వదులుగా కప్పండి.

పాన్ గురించి ఒక జాగ్రత్త. పూత లేని అల్యూమినియం పాన్ పండ్ల పులుపుకి లోహపు రుచి ఇస్తుంది, కాబట్టి గాజుదో పింగాణీదో వాడండి. గాజు పాత్రని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టకండి, పగులుతుంది.

తీసిన వెంటనే వడ్డించొద్దు. 25 నిమిషాలైనా ఆగాలి. మరుగుతున్నప్పుడు పల్చగా కనిపించే రసం చల్లారుతూ చిక్కబడుతుంది, టాపింగ్‌లో కరిగిన పంచదార గట్టిపడి పెళుసెక్కుతుంది. ఆ ఆగేసేపు మూత పెట్టకండి. మీకు మర్నాటికి మెత్తబడటానికి ఒక కారణం వేడి మీదే మూసి పెట్టడం అయ్యుంటుంది. గోరువెచ్చగా తినండి. ఫ్రిజ్ చల్లదనంలో తీపి నాలుకకి తక్కువగా తెలుస్తుంది, తక్కువ పంచదార వంటకానికి అది పెద్ద తేడా.

ఇప్పుడు బెల్లం, తేనె సంగతి. బెల్లం ఎక్కువ భాగం పంచదారే. రక్తంలో చక్కెర విషయంలో దానికి మినహాయింపు ఏమీ లేదు, మనం వేసే కొద్దిపాటి బెల్లంలో ఖనిజాలు లెక్కలోకి వచ్చేంత ఉండవు. రుచి కోసం వాడాలనుకుంటే నిక్షేపంగా వాడండి, యాపిల్‌కీ దాల్చినచెక్కకీ బెల్లం బాగా కలుస్తుంది. టాపింగ్‌లో బ్రౌన్ షుగర్ బదులు పొడిబెల్లం అదే 40 గ్రాములు. ముద్దబెల్లం తురిమితే తడి ఎక్కువ కాబట్టి నీళ్లు వేయక్కర్లేదు. బెల్లం గాలిలో తేమని లాగుతుంది, అందుకే ఆ టాపింగ్ త్వరగా మెత్తబడుతుంది, ఆ రోజుకారోజు తినేయాలి. తేనె దీనికన్నా ఇబ్బంది. త్వరగా మాడుతుంది, చల్లారాక జిగటగా ఉంటుంది. మేపుల్ సిరప్ కూడా విడిగా కలిపే తీపి లెక్కలోకే వస్తుందని గుర్తుంచుకోండి.

స్టీవియా మీ దగ్గర ఉంటే పండులో ఆ టేబుల్ స్పూన్ పంచదార బదులు వేసుకోవచ్చు, అక్కడ పాడుచేసేదేమీ లేదు. ఎక్కువైతే చేదుగా వెనక రుచి తగులుతుంది కాబట్టి పొట్లం మీద చెప్పినదానికి సగంతో మొదలుపెట్టండి. పంచదార బదులు వాడే ఎరిత్రిటాల్ అనే తీపిపొడి ఎర్రబడదు, చల్లారాక గింజలు కడుతుంది, నోట్లో చల్లగా అనిపిస్తుంది. టాపింగ్‌కి వద్దు. అలాంటిదే అల్యులోజ్ అనే మరో తీపిపొడి మీకు అమెరికాలో దొరుకుతుంది. అది పంచదారలాగే, ఇంకా తొందరగా ఎర్రబడుతుంది, రక్తంలో చక్కెరని పెంచేది చాలా తక్కువ. కానీ పెళుసెక్కదు, మెత్తగా ఉండిపోతుంది. టాపింగ్‌లో సగం బ్రౌన్ షుగర్, సగం అల్యులోజ్ వేసి, ఓవెన్‌ని 25 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గిస్తే కరకర కొంత నిలుస్తుంది. స్టీవియాలాంటి, పంచదార కాని తీపిని బరువు తగ్గడం కోసం నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లని ఆ సూచన నుంచి మినహాయించింది. మా మాట అడిగితే మనిషికి 6.5 గ్రాముల దగ్గరికి వచ్చాక వీటి కోసం వెతుక్కోవడం అనవసరం.

నాన్నగారికి పెట్టొచ్చా అన్నారు. పెట్టొచ్చు, కానీ దీన్ని షుగర్ లేని స్వీటుగా అనుకోకూడదు. విడిగా వేసిన పంచదార 6.5 గ్రాములే అయినా, యాపిల్‌లో ఉన్న తీపి మనిషికి మరో 11 గ్రాముల దాకా ఉంటుంది, ఓట్స్, గోధుమపిండి ఉండనే ఉన్నాయి. అన్నీ కలిపితే ఒక వాటాలో పిండిపదార్థం సుమారు 32 గ్రాములు, పీచు 3 గ్రాములు, కేలరీలు 215 దాకా. మామూలు క్రిస్ప్‌లో కేలరీలు ఇంతకి రెట్టింపు. ఒక కప్పు వండిన అన్నంలో పిండిపదార్థం 45 గ్రాములు ఉంటుంది, కాబట్టి ఈ వాటా కప్పులో మూడింట రెండొంతుల అన్నంతో సమానం. భోజనం మీద అదనంగా కాకుండా, ఆ పూట అంత అన్నం తగ్గించి పెట్టండి. సాయంత్రం టీతో విడిగా తినడంకన్నా పప్పు, కూర, పెరుగు ఉన్న భోజనం చివర తినడం నయం. భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకి గ్లూకోమీటరుతో చూస్తే ఆయన ఒంటికి ఇది ఎలా పడుతోందో తెలిసిపోతుంది. పెద్దవాళ్లలో చాలామందికి ఆ సమయంలో 180 లోపు ఉండాలన్నది అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పే లెక్క. వయసునీ మందులనీ బట్టి డాక్టరుగారు ఆయనకి వేరే హద్దు పెట్టి ఉంటే అదే పాటించండి. స్వీటు తిన్నారు కదా అని మాత్రో ఇన్సులినో సొంతంగా పెంచుకోనివ్వకండి.

పక్కన ఐస్‌క్రీమ్ పెడితే ఇంత లెక్కా పోతుంది. అరకప్పు వెనీలా ఐస్‌క్రీమ్‌లోనే పంచదార 14 గ్రాముల దాకా ఉంటుంది, క్రిస్ప్‌లో వేసినదానికి రెట్టింపు. గుడ్డలో కట్టి నీళ్లు దింపిన పెరుగులో గానీ, పంచదార లేని గ్రీక్ యోగర్ట్‌లో గానీ చిటికెడు యాలకుల పొడి కలిపి రెండు చెంచాలు వేయండి. పండు తీపి పక్కన ఆ పులుపు చాలా బాగుంటుంది.

ఈ ఉత్తరం చదివి హైదరాబాదులోనో విజయవాడలోనో ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) చేయాలనుకునేవాళ్లకి కొన్ని మార్పులు అవసరం. ఓటీజీలో పైకడ్డీ టాపింగ్‌కి బాగా దగ్గరగా ఉంటుంది, రంగు ముందే వచ్చేస్తుంది. పాన్‌ని కింది అరలో పెట్టండి, రెండు కడ్డీలూ వెలగనివ్వండి, చివరి పది నిమిషాలూ చూస్తుండండి. మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ ఉంటే 180 మీద పెట్టొచ్చు, ఉత్త మైక్రోవేవ్‌లో టాపింగ్ ఎప్పటికీ కరకరలాడదు. మన బజార్లో ఎక్కువగా దొరికేది కశ్మీరు, సిమ్లా నుంచి వచ్చే ఎర్ర యాపిల్. చాలావరకు రెడ్ డెలీషియస్ రకమే. అదొక్కటే దొరికితే ముక్కలు రెండు సెంటీమీటర్లు చేయండి, పండులో పంచదార అసలు వేయొద్దు, నిమ్మరసం ఒక టేబుల్ స్పూన్‌కి పెంచండి, ముందు ఉడికించే 15 నిమిషాలని 5కి తగ్గించండి. ఒకటి రెండు పచ్చ యాపిల్స్ దొరికితే కలిపితే ఎంతో మేలు. మసాలా ఓట్స్ పొట్లం పొరపాటున కూడా తీసుకోకండి. బటర్ బదులు నెయ్యి వాడితే 45 గ్రాములు, నీళ్లు ఒక టేబుల్ స్పూన్. గోధుమపిండి బదులు జొన్నపిండి కూడా బాగా కుదురుతుంది, ఇంకా పొడిపొడిగా విడుతుంది.

వేసవిలో మామిడితో చేయాలంటే బంగినపల్లి పండి, ఇంకా గట్టిగా ఉన్నప్పుడు తీసుకోండి. ముక్కలు 700 గ్రాములు, నిమ్మరసం ఒక టేబుల్ స్పూన్, కార్న్‌ఫ్లోర్ ఒక టేబుల్ స్పూన్, పంచదార సున్నా. మామిడికి ముందు ఉడికించే దశ అక్కర్లేదు, టాపింగ్ చల్లి నేరుగా 30 నిమిషాలు పెట్టండి. మెత్తటి రసాలు మాత్రం వద్దు, ముక్క మిగలదు.

ఓవెన్ అసలు లేనివాళ్లు పండుని మందపాటి గిన్నెలో మూతపెట్టి సన్నసెగ మీద పది పన్నెండు నిమిషాలు మగ్గించి, టాపింగ్‌ని విడిగా మూకుడులో కలుపుతూ ఎర్రగా వేయించి, పళ్లెంలో చల్లార్చి, తినే ముందు పైన చల్లుకోవచ్చు. ఇందులో టాపింగ్ తడిసే సమస్యే రాదు. బటర్ 40 గ్రాములతో సరిపోతుంది.

మళ్లీ మీ దగ్గరికి. మిగిలిన క్రిస్ప్ ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది, టాపింగ్ మాత్రం పండు తడికి మెత్తబడుతుంది. దాన్ని మైక్రోవేవ్‌లో వేడిచేస్తే ఇంకా మెత్తన అవుతుంది. ఓవెన్‌లో పెట్టగలిగే పాత్రలోకి మార్చి, 350 ఫారన్‌హీట్‌లో మూత లేకుండా పది పదిహేను నిమిషాలు పెడితే చాలావరకు కరకర తిరిగొస్తుంది. ముగ్గురు నలుగురే ఉన్న ఇంట్లో దీనికన్నా మేలైన పద్ధతి, టాపింగ్‌ని ఒకేసారి రెండు మూడింతలు కలిపి పచ్చిగానే సంచీల్లో ఫ్రీజర్‌లో దాచుకోవడం. రెండు నెలలు నిలుస్తుంది. కావాల్సినప్పుడు చిన్న గిన్నెల్లో పండు వేసి, పైన చెప్పినట్టే ముందు ఫాయిల్ కింద ఉడికించి, గడ్డకట్టిన టాపింగ్‌ని అలాగే నలిపి చల్లి ఓవెన్‌లో పెట్టేయొచ్చు. పచ్చి పిండి ఉంది కాబట్టి పిల్లలని ఆ సంచీలోంచి తిననివ్వకండి.

ఆ పది పౌన్ల యాపిల్స్‌లో దెబ్బలు తగిలినవీ మెత్తబడుతున్నవీ ముందు ఏరి వాడండి. గట్టివి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో, చిల్లులున్న సంచీలో వారాల తరబడి ఆగుతాయి. మెకింటోష్ అంతకాలం ఆగదు. ఇంకా మిగిలేలా ఉంటే తొక్క తీసి ముక్కలు చేసి, నిమ్మరసం పట్టించి, ట్రేలో ఒక వరసగా గడ్డకట్టించి, ఆ తర్వాత 850 గ్రాముల చొప్పున సంచీల్లోకి ఎత్తండి. వాటితో క్రిస్ప్ చేసేటప్పుడు కరగనివ్వక్కర్లేదు. కార్న్‌స్టార్చ్ ఒక టీస్పూన్ ఎక్కువ వేసి, ఫాయిల్ కింద ఉడికే 15 నిమిషాలని 25 నుంచి 30కి పెంచితే చాలు.